ముళ్ళ బాటలో ట్యూబ్‌లెస్ చక్రాలు: ఎమ్‌టీబీ నడిపేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పోయిన దసరాకి నా 29 అంగుళాల ఎమ్‌టీబీకి (కొండ దారుల మౌంటెన్ బైక్‌కి) కొత్త ట్యూబ్‌లెస్ చక్రాలు ఎక్కించాను. అప్పటి నుంచి వికారాబాద్ వైపు మొరం బాటల్లో, గచ్చిబౌలి పక్కన రాతి గుట్టల్లో వాటి మీదే తిరుగుతున్నాను. ఆదివారం పొద్దున్నే నాతో వచ్చేవాళ్ళు, ఫోన్ చేసే మిత్రులు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. వాటికి నేను చేతులారా చేసి తెలుసుకున్న జవాబులివి.

ట్యూబ్ లేకుండా గాలి ఎలా నిలుస్తుంది?

టైరే ట్యూబ్ పని చేస్తుంది. టైరు రెండు అంచుల్లోనూ బీడ్ అనే గట్టి పట్టీ ఉంటుంది. గాలి కొట్టగానే అది రిమ్ము గోడలకి బిగుసుకుంటుంది. రిమ్ములో పుల్లల (స్పోకుల) కోసం వేసిన రంధ్రాలని లోపల టేపు మూసేస్తుంది. ఇంకా మిగిలిన సన్న సందుల సంగతి సీలెంట్ చూసుకుంటుంది. పాలలా తెల్లగా ఉండే ఈ ద్రవంలో రబ్బరు పాలు, సన్నటి నలుసులు ఉంటాయి. గాలి బయటికి తోసుకొచ్చే చోటికి అది కూడా పరుగెత్తి అక్కడే గడ్డకడుతుంది.

సైకిళ్ళకి ఈ పద్ధతి పాతదే. మావిక్, మిషెలిన్, హచిన్సన్ కంపెనీలు కలిసి 1999లో యూఎస్‌టీ అనే ప్రమాణాన్ని తెచ్చాయి. ఆ తర్వాత రెండేళ్ళకే అమెరికాలో స్టాన్స్ నోట్యూబ్స్ మొదలై, టేపుతో సీలెంట్‌తో మామూలు తేలిక రిమ్ముల్ని కూడా ట్యూబ్‌లెస్ చేసే దారి చూపింది. ఇవాళ మనం వాడుతున్నది ఎక్కువగా ఆ రెండో దారే.

నా మోటార్‌సైకిల్ కూడా ట్యూబ్‌లెస్సే. దాంట్లో ఈ పాలు పొయ్యలేదే?

మోటార్‌సైకిల్ టైరు మందం. లోపల గాలి చొరని రబ్బరు పొర ఉంటుంది, అల్లాయ్ చక్రానికి పుల్లల రంధ్రాలుండవు. సైకిల్ టైరు పక్క గోడ గుడ్డకి రబ్బరు పూసినంత పల్చన. కొత్త టైరులో సీలెంట్ పోసి గాలి కొడితే పక్క గోడల మీద చెమట పట్టినట్టు సన్న బొట్లు కనిపిస్తాయి. ఒకటి రెండు రోజుల్లో అవే మూసుకుంటాయి.

ఇందుకే మోటార్‌సైకిల్ టైర్లలో పోసే పంక్చర్ జెల్ దీనికి వద్దు. అది మందపాటి టైర్ల కోసం చేసినది. బరువు ఎక్కువ, సైకిల్ టైరు పక్క గోడల్లోని సన్న రంధ్రాలని మూయలేదు.

మనకి నిజంగా ఇది అవసరమా?

మట్టి దారి ఎక్కేవాళ్ళకి అవసరమే అంటాను. కారణం బరువూ కాదు, వేగమూ కాదు. ముళ్ళు.

మన నేల మీద సైకిల్‌కి శత్రువులు ముగ్గురు. నల్లతుమ్మ, సర్కారు తుమ్మ, పల్లేరు. తుమ్మ ముల్లు కనీసం కొమ్మతో పాటు కంటికి కనిపిస్తుంది. పల్లేరు కాయ అలా కాదు. నేలకి అంటుకుని పాకే తీగ, ముచ్చటైన పసుపు పూలు, ఎండాక రాలే చిన్న కాయ. ఆ కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. చెప్పుల్లేకుండా చేను గట్టు మీద నడిచినవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ట్యూబ్‌తో తిరిగిన రోజుల్లో చలికాలం ఆదివారాల్లో రెండు పంక్చర్లు నాకు మామూలే. ఒకసారి సంగెం వైపు చెరువు కట్ట దిగేసరికి ముందు చక్రానికి మూడు, వెనక చక్రానికి రెండు.

అరిజోనాలో, టెక్సస్‌లో సైకిల్ తొక్కే మనవాళ్ళు 'గోట్‌హెడ్' అని వాపోయేది ఈ పల్లేరునే. మొక్క అదే, వృక్షశాస్త్రంలో పేరు ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్. పాత ప్రపంచం నుంచి అక్కడికి వెళ్ళి పాతుకుపోయింది. ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో సైకిల్ తొక్కేవాళ్ళు సంచులు పట్టుకుని ఊరంతా ఈ మొక్కలు పీకే కార్యక్రమమే పెట్టుకున్నారు. ట్యూబ్‌లెస్‌కి అక్కడ అంత ఆదరణ ఎందుకో మనకి ఇట్టే అర్థమవుతుంది.

కొత్త చక్రాలతో మూడో ఆదివారం. అనంతగిరి దిగువన ఒక మామిడి తోట పక్కన ఆగి చూస్తే ముందు టైరు మీద మూడు పల్లేరు కాయలు గుచ్చుకుని ఉన్నాయి. ఒకదాన్ని గోళ్ళతో పట్టి లాగాను. 'సుయ్' మని చప్పుడు, తెల్లటి బుడగ, వెనకే చిన్న పాల చార. రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకున్నాను. ఆరు లెక్కపెట్టేసరికి చప్పుడు ఆగిపోయింది. బొటనవేలితో తడిమితే జిగురుగా ఒక చుక్క, అంతే. మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన నిలబడి చూసి, "గాలి పోయిందా బిడ్డా?" అని అడిగాడు. "లేదు తాతా, లోపల పాలున్నయ్, అవే మూసుకుంటయ్" అన్నాను. ఆయన వంగి టైరు నొక్కి చూసి, "మా మేకల కాళ్ళకి గూడ అసుంటివి ఉంటే మంచిగుండు" అన్నాడు.

పంక్చర్లు తగ్గడం ఒక్కటేనా లాభం?

పంక్చర్ల కోసం ఎక్కించుకుంటాం. నడిపాక ఇంకో లాభం తెలుస్తుంది, గాలి తగ్గించి నడపొచ్చు. ట్యూబ్ ఉన్నప్పుడు గాలి తగ్గిస్తే రాయి తగిలినప్పుడు టైరు నలిగి, రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబ్ చిక్కి పక్కపక్కన రెండు రంధ్రాలు పడతాయి. పాము కాటు అనేది దీన్నే. ట్యూబ్ లేనప్పుడు ఆ భయం చాలా వరకు పోతుంది. గాలి తగ్గిన టైరు రాయి మీద ఎగరదు, రాయిని పొదువుకుంటుంది. మొరం మీద మలుపులో ముందు చక్రం జారిపోయే ఆ గుండె జారే క్షణం బాగా తగ్గుతుంది. ఎక్కేటప్పుడు వెనక చక్రం ఊరికే తిరగకుండా నేలని పట్టుకుంటుంది. చేతులకి తగిలే దడ కూడా తగ్గుతుంది. నలభై కిలోమీటర్లు తొక్కి ఇంటికొచ్చాక కాఫీ కప్పు పట్టుకునే చేతికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

మరి గాలి ఎంత పెట్టాలి?

నా బరువు, నీళ్ళు, సంచీ కలిపి 74 కిలోలు. టైర్లు 29 అంగుళాలు, 2.35 వెడల్పు. రిమ్ము లోపలి వెడల్పు 30 మి.మీ. ట్యూబ్‌తో ముందు 30, వెనక 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టేవాణ్ణి. ఇప్పుడు ముందు 20, వెనక 23. ఇది నా లెక్క, మీరు ఇక్కడ మొదలుపెట్టొద్దు. ముందు 25, వెనక 28తో మొదలుపెట్టి, తెలిసిన దారిలోనే ఒక్కోసారి 2 పీఎస్‌ఐ తగ్గిస్తూ పోండి. రిమ్ము రాయికి తగిలి 'ఠంగ్' మని మోగినా, మలుపులో టైరు పక్కకి ఒరిగినట్టు అనిపించినా, అంచు దగ్గర బుస్సుమని కాస్త గాలి పోయినా హద్దు దాటినట్టే. అక్కణ్ణుంచి ఒకటి రెండు పెంచి ఆపండి. బరువు ఎక్కువైతే ఎక్కువ గాలి, టైరు వెడల్పైతే తక్కువ గాలి, వెనక చక్రానికి ఎప్పుడూ రెండు మూడు ఎక్కువ.

దీనికి ఒక మంచి గేజ్ కొనుక్కోండి. 160 వరకు అంకెలున్న పెద్ద పంపు గేజ్‌లో 20కీ 24కీ తేడా సూది మందమే. తక్కువ గాలి కోసం చేసిన చిన్న డిజిటల్ గేజ్ ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన వస్తువు. చక్రాలకన్నా కూడా అనగలను.

ఎండాకాలం ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పొద్దున 25 డిగ్రీల చల్లదనంలో 22 పెట్టిన గాలి, 45 డిగ్రీల వేడి దాకా ఎక్కితే దాదాపు 24.5 అవుతుంది. కారు డిక్కీలో సైకిల్ వేసుకెళ్తే, దించాక కాసేపు నీడలో ఉంచి అప్పుడు కొలవండి.

ఉన్న రిమ్ములకే చేసుకోవచ్చా, కొత్త చక్రాలే కొనాలా?

రిమ్ము మీద గానీ, సైకిల్ వివరాల్లో గానీ ట్యూబ్‌లెస్ రెడీ అనో, టీఎల్‌ఆర్ అనో ఉంటే కొత్త చక్రాలు అక్కర్లేదు. టేపు, రెండు వాల్వులు, ఒక సీలెంట్ సీసా, ట్యూబ్‌లెస్ రెడీ టైర్లు చాలు. ముందు అది చేసి ఆరు నెలలు నడపండి. చాలామందికి అక్కడితో ముచ్చట తీరుతుంది.

ఆ గుర్తు లేని మామూలు డబుల్ వాల్ రిమ్ముల్ని ఎలాగోలా ట్యూబ్‌లెస్ చేసేవాళ్ళున్నారు. నేను చెయ్యను, ఎవరికీ చెయ్యమని చెప్పను. వాటిలో టైరు అంచుని పట్టి ఉంచే గట్టు సరిగ్గా ఉండదు. గాలి తగ్గించి రాళ్ళ మీద దిగేటప్పుడు ముందు టైరు రిమ్ము నుంచి ఊడితే పళ్ళు, భుజం ఎముక పోతాయి.

కొత్త చక్రాలు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

అన్నిటికన్నా ముందు మీ సైకిల్‌కి పడతాయా అని. ఇరుసు కొలత సరిపోవాలి. ఇప్పటి ట్రైల్ సైకిళ్ళలో ఎక్కువగా ఉండే బూస్ట్ కొలత ముందు 110, వెనక 148 మి.మీ. పాత వాటికి 100, 142 ఉంటాయి. బిగించే పద్ధతి త్రూ యాక్సిలా (మరలా తిప్పి బిగించే లావు ఇరుసు), క్విక్ రిలీజా (లివర్‌తో బిగించే సన్న ఇరుసు) అన్నది కూడా చూడాలి. వెనక హబ్బు (చక్రం నడిమి భాగం) మీద క్యాసెట్ (గేర్ల పళ్ళ చక్రాల గుత్తి) ఎక్కే భాగం షిమానో హెచ్‌జీనా, మైక్రో స్ప్లైనా, స్రామ్ ఎక్స్‌డీనా అన్నది మీ క్యాసెట్‌తో కలవాలి. బ్రేకు డిస్కు ఆరు బోల్టులదా, మధ్యలో ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాకా చూడాలి. ఈ నాలుగిట్లో ఒకటి తప్పినా డబ్బు పోసి కొన్న చక్రాలు గోడకి ఆనించుకుని చూస్తూ కూర్చోవాలి.

రిమ్ము లోపలి వెడల్పు 25 నుంచి 30 మి.మీ. మధ్య ఉంటే 2.3, 2.4 టైర్లకి చక్కగా సరిపోతుంది. మన రాతి దారులకి నేను 32 పుల్లల అల్యూమినియం రిమ్మే ఎంచుకున్నాను. అల్యూమినియం సొట్టపడితే కాస్త సరిచేసి ఇంటికి రావచ్చు. కార్బన్ చాలా బాగుంటుంది, కానీ 250 కోట్ల ఏళ్ళ నాటి మన గ్రానైట్ దాని మీద దయ చూపదు.

అమెరికా నుంచి వచ్చే అన్నయ్యతోనో, బావగారితోనో తెప్పించుకునేవాళ్ళు ఈ కొలతలన్నీ రాసి పంపండి. ఫోన్‌లో "29 చక్రాలు" అని చెప్తే సరిపోదు. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే అడిగించండి.

ఇంట్లో మనమే ఎక్కించుకోవచ్చా?

తప్పకుండా. మొదటిసారి రెండు గంటలు పడుతుంది. పని అంతా టేపు దగ్గరే ఉంది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో రిమ్ము లోపలంతా తుడిచి ఆరనివ్వండి. చేతి జిడ్డు ఉన్నా టేపు లేచిపోతుంది. టేపు రిమ్ము లోపలి వెడల్పుకన్నా రెండు మూడు మి.మీ. ఎక్కువ ఉండాలి. గట్టిగా సాగదీసి పట్టి, ముడతలు లేకుండా చుట్టి, వాల్వు రంధ్రం మీద రెండు పొరలు వచ్చేలా ముగించండి. గుడ్డతో నొక్కుతూ చుట్టంతా రుద్దండి. వాల్వు కోసం చిన్న బెజ్జమే చెయ్యండి, బ్లేడుతో అడ్డంగా కొయ్యొద్దు. వాల్వు నట్టు చేత్తోనే బిగించాలి. పటకారు పెడితే రబ్బరు నలిగి అక్కడే కారుతుంది, పైగా దారిలో ట్యూబ్ వేయాల్సి వస్తే ఆ నట్టు విప్పలేరు.

టైరు ఎక్కించాక అంచులకి సబ్బు నీళ్ళు రాయండి. వాల్వు లోపలి సూది (వాల్వు కోర్) తీసేసి పంపుతో ఆపకుండా కొట్టండి. 'టప్... టప్' అని అంచులు ఎక్కి కూర్చునే చప్పుడు వస్తుంది. టైరు మీద రిమ్ము వెంట ఉండే సన్న గీత చుట్టూ ఒకే ఎడంలో కనిపిస్తే సరిగా కూర్చున్నట్టు. గాలి వదిలేసి, సూది మందు సిరంజితో వాల్వు గుండా సీలెంట్ పొయ్యండి. 29 అంగుళాల 2.35 టైరుకి నేను 110 మి.లీ. పోస్తాను. వాల్వు సూది మళ్ళీ బిగించి, గాలి కొట్టి, చక్రాన్ని అన్ని వైపులా కుదిపి, బకెట్ మీద అటు పది నిమిషాలు, ఇటు పది నిమిషాలు పడుకోబెట్టండి. తర్వాత వీధి చివరిదాకా తొక్కి రండి.

ఎంత కొట్టినా టైరు అంచు రిమ్ముకి పట్టడం లేదు.

కొత్త టైరు మడతపెట్టి వస్తుంది కాబట్టి ఇది మామూలే. ట్యూబ్ వేసి గాలి కొట్టి ఒక రాత్రి ఉంచండి. పొద్దున ఒక పక్క మాత్రమే ఊడదీసి ట్యూబ్ తీస్తే, రెండో పక్క అంచు కూర్చునే ఉంటుంది. సగం పని అయిపోయినట్టే.

అప్పటికీ కాకపోతే పంక్చర్ షాపు గాలి మిషనే గతి. సన్నటి ప్రెస్టా వాల్వుకి బిగించే ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి, సీలెంట్ పోయకముందే వెళ్ళండి. మిషన్ పట్టే అన్నకి ముందే చెప్పాలి: "అన్నా, సైకిల్ టైరు, కొంచెం కొంచెం కొట్టండి, 40 దాటనివ్వొద్దు" అని. టైరు పక్కన రాసిన గరిష్ఠ అంకె అంతకన్నా తక్కువైతే ఆ అంకే హద్దు. ముఖం చక్రం దగ్గర పెట్టొద్దు.

రాత్రి కొట్టిన గాలి పొద్దునకి దిగిపోతోంది.

మొదటి రెండు మూడు రోజులు కొంచెం దిగడం సహజం. తర్వాత కూడా దిగుతుంటే సబ్బు నీళ్ళు రాసి చూడండి. పుల్లల మొదట్లో గానీ వాల్వు చుట్టూ గానీ బుడగలొస్తే టేపు తప్పు. ఎంత సీలెంట్ పోసినా నిలవదు, విప్పి మళ్ళీ చుట్టాలి. నా వెనక చక్రానికి టేపు ఒక షాపులో చుట్టించాను. రిమ్ముకన్నా సన్న టేపు వేసి ఇచ్చారు. వారం రోజులు రోజూ గాలి కొట్టుకుని, చివరికి విప్పితే రిమ్ము గూడులో సీలెంట్ నిండి ఉంది. అప్పటి నుంచి టేపు నా చేత్తోనే చుడుతున్నాను.

సీలెంట్ ఎన్నాళ్ళకోసారి పొయ్యాలి?

సీసాల మీద ఆరు నెలల వరకు అని ఉంటుంది. ఆ లెక్క మన వేడికి నిలవదు. మార్చి నుంచి జూన్ దాకా రెండు నెలలకోసారి, మిగతా కాలంలో మూడు నెలలకోసారి నేను చూస్తాను. చక్రం చెవి దగ్గర పెట్టి కుదిపితే గలగల వినిపించాలి. వినిపించకపోతే 60 మి.లీ. పొయ్యండి. ఏడాదికోసారి టైరు విప్పితే లోపల విరిగిన పాల ముద్దల్లాంటివి ఉంటాయి. వాటిని తీసి శుభ్రం చేసి కొత్తది పొయ్యాలి.

గాలి కొట్టేటప్పుడు వాల్వు పైభాగంలో ఉండేలా చూడండి. కింద ఉంటే సీలెంట్ దాంట్లోకి చేరి గడ్డకడుతుంది.

గుచ్చుకున్న ముల్లు పీకాలా, ఉంచాలా?

పల్లేరు అయితే పీకి చక్రం తిప్పండి. పొడుగు తుమ్మ ముల్లు అయితే ప్లగ్గు (రంధ్రంలో దూర్చే రబ్బరు పట్టీ) చేతిలో పట్టుకుని పీకండి. సీలెంట్ ఒక్కటే మూసేది సుమారు మూడు నాలుగు మి.మీ. లోపు రంధ్రాలనే. అంతకన్నా పెద్దవాటికి ప్లగ్గు కావాలి. కారు టైర్లకి వాడే పంక్చర్ పట్టీ లాంటిదే, కాకపోతే సన్నది. కారు పట్టీ నేరుగా దూర్చితే పల్చటి టైరు ఇంకా చిరుగుతుంది.

ఇంకా ట్యూబ్ మోసుకెళ్ళాలా?

మోసుకెళ్ళండి. పక్క గోడ రాయికి కోసుకుపోతే ప్లగ్గు కూడా నిలవదు. ట్యూబ్, చిన్న పంపు, ప్లగ్గులు, టైరు తీసే లివర్లు, పాత టైరు నుంచి కోసుకున్న ఒక ముక్క నా సంచీలో ఎప్పుడూ ఉంటాయి. ఆ ముక్కని కోత పడ్డ చోట లోపల పెట్టి ట్యూబ్ వేసుకోవచ్చు.

ఇక్కడ ఒక్క సంగతి తప్పక చదవండి. నెలల తరబడి ట్యూబ్‌లెస్‌గా తిరిగిన టైరు లోపల, మీకు తెలియకుండానే సీలెంట్ మూసేసిన ముళ్ళు చాలా ఉంటాయి. కోటిపల్లి జలాశయం దారిలో నా వెనక టైరు కోసుకుపోతే ట్యూబ్ వేశాను. అర కిలోమీటరు పోలేదు, గాలి దిగిపోయింది. నీడకి చేరి, టైరు లోపలి వైపు బయటికి తిప్పి వేలితో తడిమితే పదిహేడు ముల్లు మొనలు. చాకు కొనతో ఒక్కొక్కటీ తీసి, ట్యూబ్‌కి ప్యాచ్ వేసి, నాలుగు కిలోమీటర్లు మెల్లగా వచ్చాను. కాబట్టి ట్యూబ్ వేసేముందు టైరు లోపల చుట్టూ వేలు జాగ్రత్తగా పోనిచ్చి, తగిలిన ముల్లునల్లా తీయండి. ఎండలో పావుగంట పడుతుంది, పట్టనివ్వండి.

కొత్త చక్రాలు బాగున్నాయో లేదో ఎలా పరీక్షించాలి?

కళ్ళు మూసుకున్నా వెళ్ళగలిగే దారి ఒకటి ఎంచుకోండి. నేను కిలోమీటరున్నర చుట్టు ఒకటి పెట్టుకున్నాను. ఒక మొరం ఎక్కుడు, రెండు మలుపులు, చివర్న బండల మీద చిన్న దిగుడు. మొదటి చుట్టు పాత గాలి అంకెలతోనే తొక్కాను, తర్వాతి చుట్లలో తగ్గిస్తూ వచ్చాను. చక్రాలూ, గాలీ, టైర్లూ అన్నీ ఒకేసారి మారిస్తే బాగుపడింది దేనివల్లో తెలియదు. ఆ మూడు చుట్ల తర్వాత నాకు అర్థమైందేమంటే, నేను మెచ్చుకుంటున్న తేడాలో ఎక్కువ భాగం గాలిది, టైరుది. కొత్త చక్రం ఇచ్చినది అంతకన్నా చిన్నది: వెడల్పు రిమ్ము మీద టైరు నిలకడగా కూర్చోవడం, పెడల్ నొక్కగానే హబ్బు వెంటనే అందుకోవడం.

మొదటి రైడ్‌లో పుల్లలు టింగు టింగుమంటే కంగారు పడొద్దు, సర్దుకుంటున్నాయి. రెండు మూడు రైడ్ల తర్వాత ఒకసారి షాపులో చక్రం వంకర చూపించి పుల్లల బిగింపు సరిచేయించండి. డిస్కు కొంచెం అటూ ఇటూ మారి బ్రేకు రాసుకోవచ్చు. క్యాలిపర్ (డిస్కుని పట్టే బ్రేకు భాగం) బోల్టులు రెండూ వదులు చేసి, బ్రేకు నొక్కి పట్టుకుని, మళ్ళీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఎలాంటి నేల మీద నడపాలి? ఎక్కడ వద్దు?

మొరం, ఎర్రమట్టి, రాతి పలకలు ట్యూబ్‌లెస్‌కి చక్కగా సరిపోతాయి. వానపడ్డ నల్లరేగడిలోకి మాత్రం దిగొద్దు. పది గజాల్లో టైరుకీ ఫోర్కుకీ మధ్య మట్టి పేరుకుని చక్రం తిరగదు. రైతు నడిచే గట్టుకి గాడి పడి పాడవుతుంది కూడా. తడి పాచి పట్టిన బండ మీద ఏ టైరూ నిలవదు, దిగి నడవండి.

రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకండి. ఎదురుగా మేకల మంద వస్తే పక్కకి ఆగండి. చేనులోంచి బాట ఉంటే ఆసామిని అడిగి వెళ్ళండి. అడిగినచోట నన్ను కాదన్నవాళ్ళు లేరు, మజ్జిగ ఇచ్చినవాళ్ళున్నారు.

నేను ఎక్కువగా రోడ్డు మీదే తిరుగుతాను. నాకూ కావాలా?

హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్, ఆఫీసు దారి, ఇవే మీ తిరుగుళ్ళైతే ట్యూబే హాయి. రెండు నెలలకోసారి సీలెంట్ చూసుకోవాల్సిన పని ఉండదు, పంక్చర్ పడితే ఏ మూలైనా వేయించుకోవచ్చు. నెలకి రెండుసార్లైనా మట్టి దారి ఎక్కుతుంటే అప్పుడు మార్చుకోండి.